సముద్రం పెట్టిన పేరు

ఈనాడు 'నాటిక' అనగానే పరిషత్తు పోటీలలో గంటసేపు ఆడే చిన్న నాటకం స్ఫురిస్తుంది. ఆలంకారికులు చెప్పిన నాటిక అది కాదు. వారి లెక్కలో నాటిక అంటే నాలుగంకాలది, శృంగారం ప్రధానమైనది, కైశికీవృత్తి కలది, స్త్రీపాత్రలు అధికంగా ఉండేది. నాయకుడు ధీరలలితుడై ఉండాలి. అనగా రాజ్యభారాన్ని మంత్రుల మీద పెట్టి తాను కళలలోను, ప్రణయంలోను ఓలలాడేవాడు. అంతఃపురంలో పట్టమహిషి ఉంటుంది. ఆమె కన్నుగప్పి రాజు ఒక కన్యను ప్రేమిస్తాడు. చివరకు ఆ మహిషి చేతనే ఆ కన్య చేతిని అందుకొంటాడు. ఈ లక్షణాలన్నిటికీ లక్ష్యం చూపవలసి వచ్చినప్పుడు పదవ శతాబ్దపు ధనంజయుని 'దశరూపకం' మొదలుకొని లాక్షణికులందరూ ఆశ్రయించింది హర్షుని 'రత్నావళి'నే. సంధి ఎక్కడ, సంధ్యంగం ఎక్కడ అని వేలు పెట్టి చూపడానికి అంత అనువైన రచన మరొకటి దొరకలేదు కాబోలు.

ఆ కారణంగానే రత్నావళికి ఒక అన్యాయం కూడా జరిగింది. మా తరం వారు దానిని లక్షణగ్రంథానికి అనుబంధంగా చదువుకొన్నారు. ముఖసంధి, ప్రతిముఖసంధి అని గుర్తులు పెట్టుకొంటూ పోతే కథ కంటికి ఆనదు. నిజానికి అది పరదేశంలో ఒంటరిగా చిక్కుకొన్న ఒక అమ్మాయి కథ. సింహళం నుండి కౌశాంబికి, సముద్రం దాటి వచ్చిన అమ్మాయి. అక్కడ ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. తానెవరో చెప్పుకొనే తోవా ఆమెకు లేదు. అటువంటి స్థితిలో ఒక అపరిచితుడు ఆమెను చూస్తాడు, ఆమె అతనిని చూస్తుంది. ఇక నాలుగంకాల పాటు నవ్వులు. ఈ నవ్వులను గురించి, వాటి అడుగున ఉన్న తడిని గురించి చెప్పాలని ఈ నాలుగు మాటలు.

కథ తెలియని వారి కోసం సంగ్రహంగా చెబుతాను. సింహళేశ్వరుడైన విక్రమబాహుని కూతురు రత్నావళి. ఆమెను పెండ్లాడినవాడు సార్వభౌముడౌతాడని ఒక సిద్ధపురుషుడు చెప్పాడు. వత్సరాజు ఉదయనుని మంత్రి యౌగంధరాయణుడు ఆ మాట విని, రాజుకు తెలియకుండానే పిల్లనడిగించాడు. ఉదయనుని భార్య వాసవదత్త విక్రమబాహునికి స్వయానా మేనకోడలు. ఆమె మనసు నొప్పించడం ఇష్టంలేక సింహళరాజు అంగీకరించలేదు. అప్పుడు మంత్రి లావాణకంలో జరిగిన అగ్నిప్రమాదంలో వాసవదత్త దగ్ధమైనదని వదంతి పుట్టించాడు. తండ్రి నమ్మి కూతురిని ఓడ ఎక్కించాడు. నడిసముద్రంలో ఓడ పగిలింది. పలకను పట్టుకొని తేలుతున్న పిల్లను, సింహళం నుండి తిరిగివస్తున్న కౌశాంబి వర్తకుడొకడు చూసి, మెడలోని రత్నమాలను బట్టి గుర్తించి తీసుకొనివచ్చాడు. మంత్రి ఆమెను సగౌరవంగా రాణి చేతికి అప్పగించాడు. అయితే ఎవరని చెప్పలేదు. సాగరంలో దొరికింది అన్నాడు. కనుక ఆమె సాగరిక అయినది. రాజకుమారి తన అక్క వరుస అయిన రాణి దగ్గర పరిచారిక అయింది. ఆ వరుస రాణికి తెలియదు.

మొదటి అంకంలో మదనమహోత్సవం. మకరందోద్యానంలో రక్తాశోకం కింద వాసవదత్త మన్మథపూజ చేస్తున్నది. ఇంత అందమైన పిల్ల రాజు కంట పడరాదని రాణి సాగరికను అక్కడి నుండి పంపివేస్తుంది, గోరువంకను కనిపెట్టుకొని ఉండమని. పిల్ల వెళ్ళదు. చెట్ల చాటున నిలబడి చూస్తుంది. ఎందుకు? తన తండ్రిగారి అంతఃపురంలో మన్మథపూజ చేసినట్లే ఇక్కడా చేస్తారా, వేరే విధంగా చేస్తారా అని. నాకు ఈ నాటికలో మొట్టమొదట గుండె పట్టుకొన్న చోటు ఇది. ప్రణయం ఇంకా మొదలుకాలేదు. ఉన్నది పుట్టింటి బెంగ మాత్రమే. పరాయిదేశంలో పండుగ వచ్చినప్పుడు, మన ఇంట్లో ఇలా చేసేవాళ్ళం కదా అని పోల్చుకొనని వారుంటారా? అక్కడ ఉదయనుని చూసి మన్మథుడే ప్రత్యక్షంగా వచ్చి పూజ అందుకొంటున్నాడని భ్రమపడుతుంది. తన ఇంట్లో ఆ దేవుడు పటంలోనే ఉండేవాడు మరి. సాయంకాలం కాగానే వైతాళికుడు రాజు పేరు పలుకుతాడు. అప్పుడు తెలుస్తుంది, తండ్రి తనను ఇచ్చింది ఈ ఉదయనునికేనని.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. తొమ్మిదవ తరగతి పిల్లలకు ఒకనాడు చివరి పీరియడులో ఈ కథ చెప్పాను. అది పాఠ్యపుస్తకంలోని పాఠం కాదు, వాన పడుతున్నదని చెప్పిన కథ. వెనుక బల్ల మీది ఒక అమ్మాయి లేచి అడిగింది: "మాస్టారూ, ఆయనే తన మొగుడు కావలసినవాడని తెలిసిపోయింది గదా! మరి నేను ఫలానా అని చెప్పెయ్యొచ్చు గదా? చెప్పేస్తే అయిపోయేది గదా?" పిల్లలందరూ నవ్వారు. చెప్పేస్తే నాటకం మొదటి అంకంలోనే అయిపోయేదమ్మా అన్నాను. సభ నవ్వింది గాని ప్రశ్న నిలిచిపోయింది. ఆ పిల్ల అడిగింది నాటకం సంగతి కాదు, మనిషి సంగతి. ప్రాణం మీదికి వచ్చినా సాగరిక తన పేరు ఎందుకు చెప్పదు?

ఈ ప్రశ్నకు పక్కన పెట్టి చూడదగిన నాటకం ఇంకొకటి ఉంది. అది షేక్‌స్పియర్ రచించిన 'ట్వెల్ఫ్త్ నైట్'. 1602 ఫిబ్రవరి 2న లండనులోని మిడిల్ టెంపుల్‌లో ప్రదర్శించినట్లు ఒక న్యాయవిద్యార్థి దినచర్యలో నమోదైనది. హర్షుడు ఏడవ శతాబ్దం వాడు కనుక రెంటికీ మధ్య దాదాపు వెయ్యేండ్ల దూరం. ఒకరిది ఇంకొకరు చూసి వ్రాసే అవకాశం లేదు. అయినా ఎంత పోలిక! వయోలా అనే అమ్మాయి ఓడ పగిలి ఇల్లీరియా అనే పరదేశపు ఒడ్డున పడుతుంది. పేరు దాచుకొని ఆ దేశపు ప్రభువు కొలువులో చేరుతుంది. ఆ ప్రభువునే ప్రేమిస్తుంది. సముద్రంలో పోయాడనుకొన్న అన్న తిరిగి కనబడినప్పుడు గాని ఆమె ఎవరో లోకానికి తెలియదు. చివరి దృశ్యం వరకు ఆమె పేరు రంగస్థలం మీద ఎవరి నోటా వినబడదు.

పోలిక చూశాము గనుక భేదం కూడా చూడాలి. వయోలా తన పేరును తానే దాచుకొన్నది. మగవేషం వేసుకొంటానని ఓడ నాయకునితో తానే చెప్పింది. వేషం ఆమెకు కవచం. ఆ కవచం చాటున ఆమె చతురంగా మాట్లాడుతుంది, ప్రభువుతో వాదిస్తుంది, ప్రేక్షకుణ్ణి నవ్విస్తుంది. రత్నావళి పేరును మరొకరు తీసివేశారు. తీసి, ఇంకొక పేరు పెట్టారు. ఆ పేరులో ఆమె తల్లి లేదు, తండ్రి లేదు, ఊరు లేదు. ఆమెను ముంచిన సముద్రం మాత్రం ఉంది. ఆమెకు చమత్కారంగా మాట్లాడే అవకాశం లేదు. చెలికత్తె సుసంగతతో తప్ప మనసు విప్పదు. ఆ సుసంగత కూడా నాలుగవ అంకంలో చెబుతుంది, ఇంత విలువైన హారం నీకెక్కడిదని అడిగితే, ఇప్పుడు ఆ కథ నీకెందుకని కన్నీరు పెట్టుకొన్నదని.

ఆ తొమ్మిదవ తరగతి ప్రశ్నకు సమాధానం నాకు ఏ వ్యాఖ్యానంలోనూ దొరకలేదు. మరొక పూర్వవిద్యార్థిని నోట దొరికింది. మా కోనసీమ నుండి, అటు కడప జిల్లా నుండి కువైట్‌కు, మస్కట్‌కు ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు. వారిలో ఒకామె నా దగ్గర చదువుకొన్నది. ఏళ్ళ తరువాత సెలవు మీద వచ్చి, కనబడి పోదామని ఇంటికి వచ్చింది. ఖర్జూరాల పొట్లం చేతిలో పెట్టి కూర్చొన్నది. మాటల మీద చెప్పింది, అక్కడ తన పేరు వేరు అని. ఆ ఇంట్లో అంతకు ముందు పనిచేసిన పిల్ల పేరేదో ఉందట. కొత్త పేరు పలకడం కష్టమని ఆ యజమానురాలు ఈమెనూ ఆ పేరుతోనే పిలవసాగిందట. "మొదటి నెలలో పిలిస్తే పలికేదాన్ని కాదు మాస్టారూ, నన్ను కాదనుకొని. తరవాత అలవాటైపోయింది" అన్నది. పాస్‌పోర్టు ఎక్కడుందమ్మా అంటే, మేడమ్ బీరువాలో అన్నది. నీ అసలు పేరు ఇది అని చెప్పలేకపోయావా అన్నాను. ఆమె నవ్వి, "ఎవరికి చెప్పను మాస్టారూ? చెప్పినా ఆ పేరు వినగానే ఇది ఫలానా వాళ్ళ అమ్మాయి అని గుర్తుపట్టేవాళ్ళు అక్కడ ఎవరున్నారు?" అన్నది.

ఈ మాట విన్న తరువాత నాలుగవ అంకం నాకు కొత్తగా అర్థమైంది. రత్నమాల సంగతి చూడండి. అది నాటిక పొడుగునా కౌశాంబిలోనే ఉంది, ఆమె దగ్గరనే ఉంది. బ్రతుకు మీద ఆశ వదలుకొన్న రోజున దానిని ఎవరైనా బ్రాహ్మణునికి ఇమ్మని సుసంగత చేతిలో పెడుతుంది. సుసంగత విదూషకుడైన వసంతకునికి ఇస్తుంది. విదూషకుడు మెడలో వేసుకొని ఊరేగుతాడు. రాజు దానిని చూస్తాడు, చేతిలోకి తీసుకొంటాడు, ప్రియురాలి గురుతు అని పొంగిపోతాడు. కాని అది సింహళ రాజముద్ర అని అతనికి తెలియదు. సింహళం నుండి మంత్రి వసుభూతి, అతనితో పాటు కంచుకి బాభ్రవ్యుడు, ఇద్దరూ సముద్రం నుండి బ్రతికి బయటపడి ఆ సభలోకి అడుగుపెట్టగానే, విదూషకుని మెడలోని హారాన్ని చూసి ఉలిక్కిపడతారు. వస్తువు అదే. చదవగలిగిన కళ్ళు అప్పుడు వచ్చాయి. ఆనవాలు చేతిలో ఉన్నంత మాత్రాన చాలదు. ఆ ఆనవాలును చదవగలిగినవాడు పుట్టింటి వైపు నుండి రావాలి. అంతవరకు రత్నావళి నోరు తెరిచి నేను రాజకుమారిని అని ఉంటే ఏమి జరిగేది? పరిచారికకు పిచ్చి పట్టిందని అంతఃపురమంతా నవ్వుకొని ఉండేది. మౌనమే ఆమెకు మిగిలిన మర్యాద.

అన్నిటికంటె పెద్ద మౌనం ఆమెది కాదు, యౌగంధరాయణునిది. అతనికి మొదటి నుండీ అంతా తెలుసు. ఆమె ఎవరో తెలుసు, వాసవదత్తకు ఏమౌతుందో తెలుసు, రాజు కంట పడితే ఏమౌతుందో కూడా తెలుసు. అంతా తెలిసి ఊరకున్నాడు. స్వామికార్యం కోసమే చేశానంటాడు. స్వామికి చెప్పకుండా చేసినందుకు భయమూ పడతాడు. కాని ఆ పిల్లను గురించి అతడు జంకినట్లు ఎక్కడా కనబడదు. మూడవ అంకంలో ఆమె రాణి దుస్తులలో సంకేతస్థలానికి వస్తూ, గుట్టు బయటపడిందని తెలిసి, మాధవీలతతో అశోకవృక్షానికి ఉరిపోసుకోబోతుంది. ఆమె ప్రాణం కాస్తలో నిలిచింది. రాజు అక్కడికి పరుగెత్తినది కూడా ఉరిపోసుకొంటున్నది వాసవదత్త అనే భ్రాంతితోనే. ఆనాడు ఆ లత బిగిసి ఉంటే మంత్రిగారి లెక్క ప్రకారం నష్టపోయింది సార్వభౌమత్వం మాత్రమే. ఈ విషయాన్ని హర్షుడు ఎత్తిచూపడు. స్వయంగా చక్రవర్తి అయినవాడు మంత్రులను గురించి ఇంతకంటె ఏమి చెబుతాడు? కాని కథను అలా అమర్చి మన ముందుంచాడు, అది చాలు.

మరి ఇంత కష్టం ఉన్న కథ నవ్వులనాటిక ఎలా అయింది? ఇక్కడే కవి నేర్పు. రత్నావళిలో నవ్వు ఎవరి మీద పుడుతున్నదో ఒక్కసారి లెక్క వేయండి. రెండవ అంకంలో అశ్వశాల నుండి కోతి తెంచుకొని వస్తుంది. పంజరం తెరుస్తుంది. గోరువంక ఎగిరిపోయి, కదళీగృహంలో చెలికత్తెలిద్దరూ చెప్పుకొన్న రహస్యమంతా చెట్టు మీద కూర్చొని వల్లిస్తుంది. విదూషకుడు మొదట భూతమని హడలిపోతాడు. తరువాత వారు వదలి పారిపోయిన చిత్రఫలకం రాజుకు దొరుకుతుంది. అందులో రాజు పక్కన సాగరిక. సుసంగత వేసిన బొమ్మ అది. ఫలకాన్ని చంకలో దాచిన విదూషకుడు, రాణికి అనుమానం రాలేదన్న సంతోషంతో చేతులెత్తి గంతులు వేస్తాడు. ఫలకం దబ్బున రాణి ముందే పడుతుంది. మూడవ అంకంలో రాజు చీకటిలో తన భార్యనే ప్రియురాలనుకొని ప్రేమవాక్యాలు వల్లిస్తాడు. ఆమె మేలిముసుగు తీసేసరికి మహారాజుకు మాట పడిపోతుంది. నవ్వంతా అధికారం ఉన్నవారి మీదనే. రాజు మీద, రాజుగారి ప్రియమిత్రుని మీద. సాగరికను చూసి నవ్వే ఘట్టం ఒక్కటి కూడా లేదు. నిస్సహాయురాలిని నవ్వులపాలు చేయకుండా నాలుగంకాలు నవ్వించడం సామాన్యమైన సంయమనం కాదు.

ఆడి చూపడానికి ఇది అనువైన నాటిక అని మన పూర్వులు ఎరుగుదురు. ఎనిమిదవ శతాబ్దపు కాశ్మీర కవి దామోదరగుప్తుడు తన 'కుట్టనీమతం'లో వారణాసిలో రత్నావళి మొదటి అంకాన్ని ప్రదర్శించిన ముచ్చటను వర్ణించాడు. 1858 జులై 31న కలకత్తాలో పైక్‌పారా రాజుల బెల్గాఛియా నాట్యశాల రామనారాయణ తర్కరత్నుని వంగానువాదంతో, ఈ రత్నావళితోనే, తెర ఎత్తింది. దొరల కోసం దానిని ఆంగ్లంలోకి తెచ్చినవాడు అంతకు రెండేండ్ల క్రితమే మద్రాసు నుండి తిరిగివెళ్ళిన మైకేల్ మధుసూదన దత్తు. ఆ పని చేస్తూ, వంగభాషలో ఇంతకంటె మంచి నాటకం ఎందుకు ఉండరాదని అతడు 'శర్మిష్ఠ'ను వ్రాశాడు. అంటే ఆధునిక వంగనాటకానికి ఒక ప్రేరణ ఈ సింహళకన్య. మన తెలుగులో వేదం వేంకటరాయశాస్త్రి గారు హర్షుని 'నాగానందం'ను 1891లో తెనిగించి పాత్రోచితభాషకు తోవ తీశారు. వీరేశలింగం పంతులు గారు షేక్‌స్పియర్ 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను మన వేషంలోకి మార్చి దానికి 'చమత్కార రత్నావళి' అని పేరు పెట్టారు. హర్షుని కథతో దానికి సంబంధం లేదు. కాని అదీ ఓడ పగిలి చెదరిపోయినవారి కథే, పరాయి ఊళ్ళో ఒకరిని మరొకరుగా పొరబడే కథే. పేరు కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. తలచుకొంటే ముచ్చట వేస్తుంది.

ముగింపును గురించి ఈనాటి చదువరికి ఒక అభ్యంతరం ఉండక మానదు. వాసవదత్త సంగతి ఏమిటి? భర్త తనను వంచించాడు. మంత్రి తాను చచ్చిపోయానని ప్రచారం చేశాడు. చివరకు తన చేతులతోనే సవతిని అప్పగించవలసి వచ్చింది. ఇది ఆనాటి రాజాంతఃపురాల ఆచారమని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఆచారమైతే మాత్రం నొప్పి లేకుండా పోతుందా? హర్షుడు ఆ నొప్పిని దాచలేదు. రెండవ అంకంలో చిత్రఫలకం చూసి, తలనొప్పిగా ఉన్నదని మాత్రమే చెప్పి రాణి వెళ్ళిపోతుంది. ఒక్క పరుషవాక్యం లేదు. ఆ తలనొప్పి ఎటువంటిదో గృహస్థులందరికీ తెలుసు. కోపం వచ్చిన రాణి సాగరికను సంకెళ్ళు వేయించి అంతఃపురంలో బంధించిందన్నదీ నిజమే. కాని ఇంద్రజాలికుడు కల్పించిన మంటలు అంతఃపురాన్ని చుట్టుముట్టినప్పుడు, తాను సంకెళ్ళు వేయించిన పిల్ల లోపల ఉందని మొదట ఎలుగెత్తి చెప్పినదీ ఆమెయే. మంత్రి సార్వభౌమత్వం చూశాడు. రాజు సౌందర్యం చూశాడు. ఆ క్షణంలో మనిషిని చూసింది వాసవదత్త.

ఇంతకూ ఈ నాటిక ఎక్కడ మొదలౌతుందో గమనించారా? ప్రస్తావనలో సూత్రధారుడు పండుగ వేడుకకు రమ్మని నటిని పిలుస్తాడు. ఆమెకు ఉత్సాహం లేదు. కారణం అడిగితే చెబుతుంది: ఉన్నది ఒక్కతే కూతురు, దానిని నువ్వు ఎక్కడో దూరదేశం వానికి ఇస్తానన్నావు, అంత దూరంలో ఉన్నవానితో పెండ్లి ఎలా జరుగుతుందో అన్న దిగులుతో ఉన్నాను అని. విధి అనుకూలిస్తే ద్వీపాంతరం నుండైనా, సముద్రమధ్యం నుండైనా కోరినదానిని తెచ్చి కలుపుతుందని సూత్రధారుడు ఓదారుస్తాడు. ఆ మాటను అందుకొంటూ యౌగంధరాయణుడు ప్రవేశిస్తాడు. లక్షణగ్రంథాలు దీనిని కథోద్ఘాతమని పేరు పెట్టి ముందుకు సాగుతాయి. నాకు మాత్రం అక్కడ ఒక తల్లి కనబడుతుంది. ఈనాడు మన ఊళ్ళలో డాలసుకో మెల్బోర్నుకో కూతురినిచ్చిన ప్రతి ఇంట్లోనూ ఆ నటి ఉన్నది. కువైట్‌కు కూతురిని పంపిన ఇంట్లో మరీ ఉన్నది.

ముగింపులో ఆ దిగులుకు జవాబు దొరుకుతుంది. అది విధి నుండి రాదు, మంత్రి నుండి రాదు. వాసవదత్త తన ఆభరణాలతో రత్నావళిని అలంకరించి, చేయి పట్టుకొని భర్తకు అప్పగిస్తూ ఒక మాట అంటుంది. ఈ పిల్ల పుట్టింటివారు చాలా దూరాన ఉన్నారు, తనవాళ్ళు గుర్తురానంత బాగా చూసుకోమని. ప్రేమకథ ముగిసే చోట ప్రేమను గురించి కాక దూరాన్ని గురించి మాట్లాడిన నాటకకర్త హర్షుడు. సవతి నోట ఆ మాట పలికించడం మరీ గొప్ప. పేరు తెలియనంత కాలం ఆమె పరిచారిక. పేరు తెలియగానే చెల్లెలు. ఒక మనిషిని మనం ఎలా చూస్తామన్నది వారి వెనుక ఎవరున్నారో మనకు తెలియడం మీద ఇంతగా ఆధారపడి ఉండడం బాధాకరమే. పరాయి ఊరి నుండి వచ్చి మన ఇంటి గడప తొక్కిన పిల్లను, ఆమె మెడలో రత్నమాల ఉన్నదో లేదో చూడకముందే, నీ పేరేమిటమ్మా అని అడగగలిగితే మంచిది. చెప్పిన పేరుతోనే పిలిస్తే ఇంకా మంచిది.